సాకు అంటే చాలు: నారాయణపేట నుంచి కృష్ణ దాకా నాలుగు రోజులు

ఇంటికొచ్చి రెండు రోజులే అయింది, చెప్పులకి అక్కడి నల్లరేగడి ఇంకా అంటుకునే ఉంది, మర్చిపోకముందే రాసేస్తున్న.

ఎందుకు పోయినమో ముందు చెప్పాలె. మా నాయనమ్మ పుట్టిల్లు, అత్తగారిల్లు రెండూ నారాయణపేటనే. 1960లలో తాతకి హైదరాబాద్‌ల ఉద్యోగం దొరికితే అందరూ ఇటొచ్చేసిన్రు, ఇల్లు, పొలం అమ్మేసిన్రు, మళ్లీ అటు పోయే పని పడలేదు. చిన్నప్పుడు నాయనమ్మకి అన్నం పెడుతుంటే ప్లేట్ మీద చెయ్యి అడ్డం పెట్టి "సాకు, సాకు" అనేది. మాకు తెలిసిన సాకు అంటే బడి ఎగ్గొట్టనీకి చెప్పే వంక. అన్నం కాడ సాకేంది అని నేను, తమ్ముడు నవ్వేటోళ్లం. చుట్టాలొస్తే "బర్రి, కూడ్రి" అనేది, మాకు బర్రె అని వినబడేది, ఇంకా నవ్వేటోళ్లం. అమ్మ కూడా "అట్ల అనకు అత్తమ్మా, పిల్లలకి తప్పు తెలుగు వస్తది" అనేది. మెల్లమెల్లగా ఆ మాటలు మానేసింది. ఆమె పోయి పదకొండేళ్లు. అది తప్పు తెలుగు కాదు, శుద్ధమైన కన్నడ (బర్రి అంటే రండి, కూడ్రి అంటే కూర్చోండి) అని నాకు తెలిసింది మొన్న మొన్ననే, ఆఫీసుల రాయచూర్ నుంచి వచ్చిన అమ్మాయి క్యాంటీన్‌ల "సాకు" అంటే చెయ్యి ఆగిపోయింది. రిపబ్లిక్ డే సోమవారం వచ్చింది, మూడు రోజులు కలిసొచ్చినయి, శుక్రవారం ఒక లీవ్ పెట్టి తమ్ముణ్ణి తీసుకుని బయల్దేరిన.

జనవరి 23, శుక్రవారం, నారాయణపేట

మరికల్ దగ్గర రాయచూర్ రోడ్డు వదిలి ధన్వాడ మీదుగా పోతే బస్సులనే మాట మారుతది. మా ముందు సీట్ల ఇద్దరు ఆడోళ్లు కందుల ధర గురించి తెలుగులో మాట్లాడుతున్నరు, ఫోన్ మోగింది, ఒకామె ఎత్తి కన్నడల కొడుకుని తిట్టింది, ఫోన్ పెట్టేసి ఆపిన కాడికెల్లి మళ్లీ తెలుగులో అందుకుంది. ఎక్కడా తడబాటు లేదు.

లాడ్జి తొమ్మిదొందలు, వేడినీళ్లు వస్తయన్నరు రాలేదు, దాని గురించి ఇంతకంటే రాయను. సామాన్లు పడేసి తిననీకి పోయినం. చౌరస్తా వెనక సందుల ఒక ఇంటి ముందు గదిలనే మెస్, నాలుగు బల్లలు. జొన్నరొట్టె కట్టెల పొయ్యి మీద అక్కడే కాలుస్తున్నరు, చప్పుడు వినుకుంట తినొచ్చు. ప్లేట్ల రెండు రొట్టెలు, వంకాయ కూర (మన గుత్తివంకాయే కానీ పల్లీలు, నువ్వులు దండిగా పడ్డది, వాళ్లు ఎణ్ణెగాయి అంటరు), పుంటికూర పప్పు, పల్లీల కారప్పొడి, పచ్చి ఉల్లిగడ్డ, గడ్డపెరుగు. నూటిరవై రూపాయలు. ఆ పల్లిపొడి మీద పచ్చి నూనె ఒక చెంచా వాళ్లే పోస్తరు, వద్దనకండి.

మెస్ నడిపే అక్క వంటింట్లోకి కన్నడల కేకేస్తది, మాతోని తెలుగు, కూరగాయల బండాయన వస్తే ఉర్దూ. పక్క బల్ల మీద ఒక పెద్దాయన, రిటైరైన సారు, తెల్ల పంచె, జేబుల రెండు పెన్నులు. ఆ అక్క మూడో రొట్టె తెచ్చింది, ఆయన ప్లేట్ మీద చెయ్యి అడ్డం పెట్టి "సాకమ్మా సాకు" అన్నడు.

అదే చెయ్యి, వేళ్లు కొంచెం మడిచి అట్లనే. తమ్ముడు నా దిక్కు చూసిండు, నేను వాని దిక్కు చూసిన. ఇద్దరం ఏం మాట్లాడలేదు.

తర్వాత సారుకి అంతా చెప్పిన. నాయనమ్మ పేరు, తాత పేరు, ఇల్లు ఏ దిక్కుండెనో మాకు తెలిసినంత. ఆయనకి ఇల్లు గుర్తు రాలేదు కానీ మాట గురించి అడిగితే మొహం వెలిగిపోయింది. "చూడు బిడ్డా, మీకు ప ఉన్న కాడ మాకు హ పడతది. మీ పాలు మాకు హాలు, మీ పులి మాకు హులి, మీ పువ్వు మాకు హూవు. చీరెని సీరె అంటం. నీళ్లు నీరే. మరి దూరమెక్కడుంది?" అన్నడు. బల్ల మీదున్న పేపర్ అంచుల క అని తెలుగులో రాసిండు, పక్కన కన్నడ క రాసిండు. కింది బొమ్మ దాదాపు ఒకటే. తేడా అంతా తలకట్టుల ఉంది, మనది టిక్కు పెట్టినట్టు పైకి లేస్తది, వాళ్లది అడ్డంగ పోయి కొస కాడ వంగుతది. ఒకప్పుడు రెండిటికీ ఒకటే లిపి ఉండె, విడిపోయి కొన్ని వందల ఏళ్లే అని చెప్పిండు. ఆ పేపర్ ముక్క చింపి నా పర్సుల పెట్టుకున్న.

1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు ఈయనకి ఎనిమిదేళ్లు. రాయచూర్, గుల్బర్గా, బీదర్ మైసూర్ రాష్ట్రంలకి పోయినయి, మరాఠ్వాడా బొంబాయిలకి, తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లకి. రాయచూర్ జిల్లాలనే ఉన్న గద్వాల, ఆలంపూర్ ఇటొచ్చినయి, గుల్బర్గా నుంచి కొడంగల్, తాండూరు ఇటొచ్చినయి. పుస్తకంల చదివితే ఇవి తాలూకాల పేర్లు. సారు చెప్తుంటే వేరే తీరుగ ఉండె. "మా పెద్దక్కని యాద్గిర్ దిక్కు ఇచ్చినం. అంతకుముందు అది పక్క తాలూకా, ఆ తర్వాత పక్క రాష్ట్రం. అక్క మాత్రం అదే బండిల వచ్చింది, అదే బండిల పోయింది." పోయేటప్పుడు మెస్ అక్క నేను తిన్న మూడో రొట్టె పైసలు తీసుకోలేదు. "ఈ ఊరి ఆడబిడ్డ మనుమరాలివి, నీకు రొట్టె అమ్ముతనా" అన్నది.

జనవరి 24, శనివారం, మగ్గాల వీధి

నారాయణపేట అంటే బయటోళ్లకి రెండే తెలుసు, చీర, బంగారం. బంగారు కొట్ల వీధి పొద్దున పదింటికే కిటకిట, పెళ్లి బంగారం ఇక్కడ కొంటే కల్తీ ఉండదని కర్ణాటక ఊర్ల నుంచి కూడా జీపులేసుకుని వస్తరు. మేం చూసుకుంట నడిచినం అంతే.

చీర సంగతి వేరే. ముందు బజార్ల ఒక పెద్ద షాపుకి పోయినం, అక్కడ చేనేత అని చూపించింది పవర్‌లూమ్ చీర, నాకు అనుమానమొచ్చి వదిలేసిన. ఎట్ల తెలుస్తదో ఆ మధ్యాహ్నం మగ్గం కాడ నేర్చుకున్న, మీకు కూడా పనికొస్తది. చేతిమగ్గం మీద బట్ట ముడుచుకోకుండా వెడల్పు పట్టి ఉంచనీకి రెండు కొసలకి మొనలున్న కర్ర ఒకటి అడ్డం పెడతరు, నేసుకుంట పోయే కొద్దీ దాన్ని జరుపుతరు, దాంతోని చీర రెండు అంచుల పొడుగునా సన్నటి సూది బెజ్జాలు పడతయి. వెలుతురుకి పెట్టి చూస్తే కనబడతయి. అవి లోపం కాదు, చేతితోని నేసిన గుర్తు.

మెస్ అక్క చెప్పిన ఇంటికి పోయినం. ఇంట్ల అడుగు పెట్టంగనే గుంట మగ్గం, దాని వెనక దేవుని అర్ర, దాని పక్కన పిల్లగాని సైకిల్. ఆమెకి యాభై ఉంటయి, ఇంట్లో మరాఠీ మాట్లాడుతరు, బజార్ల కన్నడ, పిల్లలు చదివేది తెలుగు. శివాజీ మహారాజు దండు ఈ దారిన పోయినప్పుడు వెంట వచ్చిన నేతగాళ్లు కొందరు ఇక్కడే ఆగిపోయిన్రని పెద్దలు చెప్పే మాట, ఆమె కూడా అదే చెప్పింది, మొన్న జరిగినట్టే చెప్పింది.

మేం పోయిన టైముకి పడుగు, అంటే నిలువు పోగులు, అతుకుతున్నరు. నారాయణపేట మగ్గానికి ఒక్కసారి పడుగు ఎక్కిస్తే ఎనిమిది చీరలు దిగుతయి, అంటే యాభై ఆరు గజాలు. అది అయిపోయినంక కొత్త పడుగుల ప్రతి పోగునీ పాత పోగు కొసకి కలపాలె. ఆమె ఎడమ పక్క చిన్న మూకుడుల బూడిద పెట్టుకుంది. బొటనవేలు, చూపుడువేలు బూడిదల అద్దుతది, పాత పోగు ఒకటి, కొత్త పోగు ఒకటి పట్టి వేళ్ల మధ్య ఒక్క మెలి తిప్పుతది, వదిలేస్తది. ముడి లేదు. గట్టిగ గుంజినా ఊడదు, పన్నె (పోగులు దూరే దువ్వెన అసొంటిది) లకెల్లి సాఫీగ దూరిపోతది. ఒక్కొక్కటి రెండు సెకన్లు కూడా పట్టదు, కానీ పోగులు వేలల్ల. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టే యాళ్లకి లేస్తనన్నది. నేను ఒకటి అతుకుతనని అడిగిన, నా వేళ్లు పట్టుకుని తిప్పించింది, మూడోసారికి నిలిచింది. ఆ పోగు ఏ చీరలకి పోయిందో, ఎవరు కట్టుకుంటరో.

మగ్గం కాడ మాటలన్నీ మనయే, పడుగు, పేక, నాడె, కండె. కొంగుని మాత్రం సెరగు అన్నది, కన్నడ మాట, నాయనమ్మ కూడా "సెరగు కప్పుకో" అనేది. నారాయణపేట చీర అంటే ఒంటి నిండ చిన్న గళ్లు, అంచు మీద వరసగా గుడి గోపురాలు, కొంగుకి ఎరుపు తెలుపు పట్టీలు. ఆకుపచ్చ గళ్లు, కుంకుమ రంగు అంచున్న నూలు చీర ఒకటి మేనత్త కోసం తీసుకున్న, రెండు వేల నాలుగొందలు. బేరం చెయ్యలేదు. చీరకి రెండు రోజుల పని, నేసినందుకు ఏడొందలు గిట్టుతయని ఆమె చెప్పినంక ఎవరికైనా నోరు రాదు. జీఐ గుర్తింపు (ఈ ఊరిదే అని చెప్పే సర్కారు గుర్తు) ఉన్న చీర ఇది, ఆ గుర్తింపు మగ్గం మీద కూర్చున్నామె చేతిల పైసలుగా ఎప్పుడు మారుతదో అని మాత్రం అనిపించింది. వాళ్ల కొడుకు హైదరాబాద్‌ల డెలివరీ పని చేస్తున్నడంట.

సాయంత్రం మార్కెట్ యార్డ్. కందుల సీజన్, కుప్పలు కుప్పలు. హమాలీలు బస్తాలు మోస్తూ "ఒందు, ఎరడు, మూరు" అని పాటలెక్క లెక్కపెడుతున్నరు, చిట్టీ రాసే ఆయన వాటినే ఒకటి, రెండు, మూడు అని తెలుగులో రాసుకుంటున్నడు. లెక్క మాత్రం తప్పలేదు.

జనవరి 25, ఆదివారం, మక్తల్, కురువపురం, ముడుమాల

మక్తల్‌ల పడమటి ఆంజనేయస్వామి దర్శనం పొద్దున్నే అయిపోయింది. స్వామి పడమటి దిక్కు చూస్తడు కాబట్టి ఆ పేరు. అక్కడ ఒక ఆటో తమ్ముణ్ణి రోజంతటికి పద్నాలుగొందలకి మాట్లాడుకున్నం.

పంచదేవ్‌పహాడ్ దాకా ఆటో, అక్కడి నుంచి పుట్టి, గుండ్రటి తెప్ప. కృష్ణ మధ్యల ఉన్న కురువపురం దత్తాత్రేయుని అవతారమని కొలిచే శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రం, ఒడ్డు తెలంగాణ, దీవి కర్ణాటకలోని రాయచూర్ జిల్లా. స్వామి పుట్టింది పిఠాపురంల, అంటే ఆయనది కూడా తెలుగు ఊరే. పుట్టిల మాతోని నాందేడ్ దిక్కు నుంచి వచ్చిన కుటుంబం, "దిగంబరా దిగంబరా శ్రీపాద వల్లభ దిగంబరా" అని పాడుకుంటనే ఉన్నరు. పుట్టి నడిపే ఆయన మాకు తెలుగులో కదలొద్దని, వాళ్లకి హిందీల కదలొద్దని, ఎదురొచ్చే పుట్టి ఆయనకి కన్నడల పక్కకి జరగమని చెప్తున్నడు, తెడ్డు ఒక్కసారి కూడా ఆగలేదు. నడి నదిల ఫోన్ "వెల్‌కమ్ టు కర్ణాటక" అని మెసేజ్ పంపింది. నీళ్లకి ఆ సంగతి తెల్వదు.

మధ్యాహ్నం దారి తప్పినం. ముడుమాలలో నిలువురాళ్లు చూడాలని నా పట్టు. ఆటో తమ్మునికి "పాతకాలం రాళ్లు, యునెస్కో రాళ్లు" అని చెప్పిన, ఆయనకి తెల్వదు, దారిల ముగ్గుర్ని అడిగితే వాళ్లకీ తెల్వదు, ఒకాయన చూపిన బాటల పోతే పత్తి చేను మధ్య ఆగిపోయినం, ముందర నది, ఇంక బాట లేదు. చేన్ల పత్తి ఏరుతున్న అవ్వ ఒకామె నడుం ఎత్తి చూసి "ఎల్లి హొంటీరి?" అన్నది. ఎక్కడికి పోతున్నరు అని. నేను చేతులతోని నిలువు రాయి బొమ్మ చూపించిన. "ఓ, నిలురాళ్ల తిమ్మప్పనా! అట్ల అడగాలె గదా బిడ్డా" అని తెలుగులోకి మారింది. అక్కడోళ్లకి అవి రాళ్లు కాదు, తిమ్మప్ప. ఆ పేరు చెప్పంగనే ఆటో తమ్ముడు కూడా "అది మా అమ్మ మొక్కుకునే చోటే అక్కా" అన్నడు.

పోయి నిల్చుంటే మాట రాలేదు. పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తు రాళ్లు ఎనభై దాకా, చుట్టూ చిన్నవి వేల కొద్దీ, మధ్యల చేన్లు. మూడున్నర వేల ఏళ్ల పైమాటే అంటరు. 2025ల యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలకి ఎక్కినయి. ఒక బండ మీద చిన్న చిన్న గుంటలు చెక్కి ఉంటయి, అవి సప్తర్షి మండలం అని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కె.పి. రావు గారు చాలా ఏళ్లు పని చేసి చెప్పిన్రు. వంగి ఆ గుంటల్ల ఒక్కొక్క దాంట్ల వేలు పెట్టి చూసిన, వేలి కొస సరిగ్గ పడుతది, ఎండకి రాయి వెచ్చగుంది. ఒక రాయికి పసుపు, కుంకుమ, గాజులు. ఆమె ఎల్లమ్మ. ఈ రాళ్లు నిలబెట్టినోళ్లు ఏ భాష మాట్లాడిన్రో చెప్పే అక్షరం ఒక్కటి లేదు, మొక్కుకునేటోళ్లు మాత్రం రెండు భాషలల్ల మొక్కుతున్నరు.

జనవరి 26, సోమవారం, కృష్ణ మండలం

పొద్దున ఏడున్నరకి ఒక ఊరి ప్రభుత్వ బడి ముందు జెండా చూసి ఆగినం. కృష్ణ, మాగనూర్, మక్తల్ దిక్కు ఇప్పటికీ కన్నడ మీడియం బడులు నడుస్తయని సారు చెప్పిండు, ఇది అట్లాంటి బడే. ఒకటే ఆవరణల అటు తెలుగు మీడియం వరుస, ఇటు కన్నడ మీడియం వరుస. జనగణమన రెండు వరుసలూ కలిసి పాడినయి. తర్వాత ఒక పాప అంబేడ్కర్ గారి గురించి తెలుగులో మాట్లాడింది, ఇంకో పాప అదే అంబేడ్కర్ గారి గురించి కన్నడల. నాకు పావు వంతు అర్థమైంది. తమ్ముడు లెక్కపెట్టిండు, కన్నడ వరుసల పదో తరగతి పిల్లలు పదకొండు మందే.

టీచరమ్మ మా చేతుల బూందీ లడ్డు పెట్టి చెప్పిన బాధ ఇది. పదో తరగతి దాకా కన్నడల చదివినంక ఇంటర్ ఎక్కడ? ఇటు కాలేజీల ఆ మీడియం లేదు, నదికి అవతల రాయచూర్ పోతే పక్క రాష్ట్రం పిల్లలు అయితరు, స్కాలర్‌షిప్ కాగితాలు, లోకల్ సర్టిఫికెట్ కొట్లాట. అందుకే తల్లిదండ్రులు ఒకటో తరగతి నుంచే ఇంగ్లిష్ మీడియంకి పంపుతున్నరు. "ఇంట్లో మాట్లాడుతరు మేడం, రాయనీకి రాదు. ఇంకో పదేళ్లకి ఈ వరుస ఉండదేమో" అన్నది. నాయనమ్మకి కూడా రాయనీకి రాదు, ఆమె దగ్గర మాట ఒక్కటే ఉండె, దాన్ని మేం నవ్వి ఆపేసినం. అది టీచరమ్మకి చెప్పాలనుకున్న, గొంతు పట్టేసింది.

అక్కడి నుంచి కృష్ణ వంతెన. నిజాం కాలంలది, 1943ల పూర్తయింది, కమానుల మీద నిలబడ్డ పాత వంతెన. నడి వంతెన మీద నిల్చుంటే అవతలి ఒడ్డున శక్తినగర్ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, ఇవతల వరి పొలాలు. అవతల హోటల్‌ల వగ్గరణి, మిర్చి తిన్నం, ప్లేట్ నలభై. బొరుగులు నానబెట్టి తాలింపు వేసేది, మన దగ్గర ఉగ్గాని అనే దాని అన్నే. సర్వర్ పిల్లగాడు రెండోసారి వడ్డించనీకి వస్తే తమ్ముడు ప్లేట్ మీద చెయ్యి పెట్టి "సాకు" అన్నడు. ఆ పిల్లగాడు మామూలుగనే తలూపి పక్క బల్లకి పోయిండు.

ఇద్దరికీ కలిపి నాలుగు రోజులకి చీర కాకుండా ఎనిమిది వేల లోపే అయింది, అందుల లాడ్జిలకే దాదాపు మూడు వేలు. కృష్ణ నుంచి మహబూబ్‌నగర్ దిక్కు 2023 అక్టోబర్ నుంచి రైలు దారి కలిసింది, టైము కుదిరితే అదే ఎక్కండి.

రాత్రి తొమ్మిదింటికి మేనత్త ఇంటికి పోయినం. డెబ్బై నాలుగేళ్లు, నారాయణపేట వదిలినప్పుడు పదో పన్నెండో ఉంటయి. మా ఎవ్వరి ముందూ తెలుగు తప్ప ఇంకో మాట మాట్లాడగ వినలేదు. చీర తీసి ఒళ్లో పెట్టిన. అద్దాలు పెట్టుకుని లైట్ కిందికి జరిగింది, అంచు పట్టుకుని గోపురాలు ఒక్కొక్కటి వేలితోని తడుముకుంట పోయింది, సూది బెజ్జాల కాడ ఆగింది, కొంగు విప్పి ఎరుపు పట్టీ మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు ఏమనలేదు. తర్వాత చీర మీదికెల్లి చూపు తీయకుండనే అడిగింది.

"ఎష్టు కొట్టి?"

ఎంత ఇచ్చినవ్ అని. నాకు ఎవరూ చెప్పకుండనే అర్థమైంది.

"రెండు వేల నాలుగొందలు అత్తమ్మా" అన్న.